రెండు ఖాళీల కోలాటం

అలేఖ్య తాడేపల్లిగూడెంలో పీహెచ్‌డీ చేస్తోందని కొల్లేటి ఒడ్డునున్న వాళ్ల పెద్దమ్మ ఊళ్లో పాలు పోసే మనిషి దగ్గర్నుంచి సర్పంచి గారి దాకా అందరికీ తెలుసు. దేనిమీద చేస్తోందో మాత్రం ఒక్కరికీ తెలీదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అడిగిన ప్రతివాళ్లకీ అలేఖ్య చెప్పబోయేది. రెండో వాక్యానికే వాళ్ల కళ్లు చెరువుల మీదికి పోయేవి. మూడో వాక్యంలో ఆమే ఆపేసి, భోజనాలయ్యాయా అండీ అని అడిగేది. పెద్దమ్మ వెంకటనరసమ్మకి ఆ ఇబ్బంది లేదు. మా పిల్ల డాక్టరవుతోందండీ, మందులు రాసే డాక్టరు కాదు, లెక్కలు రాసే డాక్టరు అని చెప్పేసి ముందుకి సాగిపోయేది. అటు అమ్మ తరఫు, ఇటు నాన్న తరఫు చుట్టాలందరిలోనూ డిగ్రీ దాటిన మొదటి మనిషి అలేఖ్యే కాబట్టి ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లూ లేరు.

ఊరివాళ్లకి చెప్పలేకపోతే పోయింది. కమిటీకి కూడా చెప్పలేకపోవడంతోనే అసలు గొడవ వచ్చిపడింది.

అలేఖ్య పని ఒకరకం రాగి పదార్థాల మీద. వాటిలో పొరలు పొరలుగా, చదరంగం బల్లలాగా గడులుంటాయి. గడికొక ఎలక్ట్రాను. ప్రతి ఎలక్ట్రానూ ఆవగింజలో వెయ్యోవంతుకి వెయ్యోవంతు కూడా ఉండని అయస్కాంతం. ఒకదాని మొహం పైకుంటే పక్కదాని మొహం కిందికి, దాని పక్కది మళ్లీ పైకి. అన్ని గడులూ నిండి ఉన్నాయి కాబట్టి ఎవరూ కదలరు, కరెంటు పారదు. వాటిలోంచి కొన్ని ఎలక్ట్రాన్లని తప్పించారనుకోండి, ఖాళీలు పడతాయి. పక్కనున్నది ఆ ఖాళీలోకి జరుగుతుంది, దాని చోటు ఖాళీ అవుతుంది, అందులోకి ఇంకొకటి జరుగుతుంది. దూరం నుంచి చూస్తే ఖాళీయే నడుచుకుంటూ వెళ్తున్నట్టుంటుంది. ఆ ఖాళీల నడకే అలేఖ్య చదువు. నాలుగు వరసల్లో నాలుగేసి, మొత్తం పదహారు గడులు కంప్యూటర్లో పెట్టి, ముందు ఒక ఖాళీ, తర్వాత రెండు ఖాళీలు వేసి, నెలల తరబడి లెక్క కట్టించింది. ఖాళీలు రెండూ చెరోవైపూ తిరక్కుండా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటున్నాయని జవాబొచ్చింది. సంబరంగా తీసుకెళ్లి కమిటీకి చూపించింది.

కమిటీలో బెంగళూరు నుంచి ఆన్‌లైన్లో కూర్చునే డాక్టర్ కామేశ్వరి గారని ఒకావిడ ఉన్నారు. పుట్టింది ఏలూరే గానీ మాట మటుకు గీసి గీసి వాడతారు. ఆవిడ అంతా విని, "ఎందుకు?" అన్నారు.

అలేఖ్య సమీకరణం చూపించింది. అది నాకూ తెలుసమ్మా, ఎందుకు అన్నారు. అలేఖ్య వెనక్కి వెళ్లి ఇంకో సమీకరణం చూపించింది. ఆవిడ మళ్లీ అదే మాట అన్నారు. ఏ దారీ తోచక, ప్రోగ్రాం అలా ఇచ్చిందండీ అనేసింది అలేఖ్య. కాయితం మీద 'సంతృప్తికరంగా లేదు' అని పడింది. వరసగా రెండోసారి కూడా అదే పడితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇంకో అవకాశం ఉండదు, ఇంటికి వచ్చేయడమే.

గైడు దత్తాత్రేయులు గారు మెత్తని మనిషి. ఆ సాయంత్రం కాంటీన్లో టీ ఇప్పించి, లెక్కా అర్థమూ ఒకే బస్సులో రావమ్మా, లెక్క వచ్చేసింది, రెండోదాని కోసం స్టాండులో నిలబడాల్సిందే అన్నారు. అలేఖ్య ఆరు నెలలు నిలబడింది. బస్సు రాలేదు. రెండో రివ్యూ సోమవారమని కబురొచ్చింది.

శుక్రవారం పొద్దున్న పెద్దమ్మ ఫోను. ఆదివారం అమ్మవారి జాతర. వెంకటనరసమ్మది పదహారుమంది ఆడవాళ్ల కోలాటం జట్టు, చుట్టుపక్కల లంకల్లో పేరున్న జట్టు. అందులో శ్రీదుర్గ అనే ఆవిడ, కూతురు పురుడు పోసుకుందని చింతలపూడి వెళ్లిపోయింది. పదిహేనుమందితో అమ్మవారి ఎదట ఎలా నిలబడమంటావని పెద్దమ్మ అడిగింది. సోమవారం నాకు ఇలా ఇలా ఉంది పెద్దమ్మా అని అలేఖ్య విడమరిచి చెప్పింది. పెద్దమ్మ ఓపిగ్గా విని, "నీది సోమవారం. మాది ఆదివారం. రెంటికీ తగువేముందే?" అంది.

ఏలూరులో డిగ్రీ చదివిన మూడేళ్లూ ఆ పెద్దమ్మ ఇంటినుంచి వచ్చిన క్యారియరే తిన్న పిల్ల. తగువేముంటుంది? శనివారం పొద్దున్నే ప్యాసింజరెక్కి ఏలూరులో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో, అటూ ఇటూ చేపల చెరువులున్న గట్టు మీద ఎగిరెగిరి పడుతూ, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పెద్దమ్మ ఊరు చేరింది.

వెంకటనరసమ్మ కోలాటం పద్ధతి వేరు. అందరిలాగా చుట్టూ తిరగరు. గుడి ముందు సిమెంటు అరుగు మీద ముగ్గుపిండితో పదహారు గడులు గీస్తారు, నాలుగు వరసలు, వరసకి నాలుగు. ఎనిమిదిమందికి ఎర్ర చీరలు, ఎనిమిదిమందికి పచ్చ చీరలు. ఎరుపు పక్కన పచ్చ, పచ్చ పక్కన ఎరుపు, ముందూ వెనకా కూడా అంతే. దరువు పడగానే ఎర్ర చీరలవాళ్లు కోలలు పైకెత్తుతారు, పచ్చ చీరలవాళ్లు కిందికి దించుతారు. పైనుంచి వచ్చే కోలా కిందినుంచి లేచే కోలా మధ్యలో కలిసి టక్కుమంటాయి. ఒకసారి ముందున్న మనిషితో, ఒకసారి పక్క మనిషితో, అలా నాలుగువైపులా. అంతా సరిగ్గా పడితే ఆ మోత ఎండుటాకుల మీద వడగళ్లు రాలినట్టుంటుంది.

ఇది కాక ఆ జట్టుకొక నియమం ఉంది. అమ్మవారి ఎదట బోసిగడి ఉండకూడదు. ఎవరైనా కొంగు జారో, కాలు మెలికపడో గడి వదిలితే, వెనకాలున్న మనిషి వెంటనే దరువు మీద ఆ గడిలోకి జరగాలి. ఆమె వదిలిన గడిలోకి ఆమె వెనకామె, వరస అయిపోతే పక్క వరసామె. వెంకటనరసమ్మకి నేర్పినావిడ అలా నేర్పింది, ఈవిడ అలాగే పట్టుకుంది.

అలేఖ్యకి శ్రీదుర్గ పచ్చ చీరే కట్టారు. జాతర చీరలు ఒంటికి అలవాటు పడాలని ఆ రోజు అందరూ అవే కట్టుకున్నారు. ముందు గడిలో ఎర్ర చీర నాగదుర్గ, భర్తతో కలిసి రొయ్యల చెరువు చేస్తుంది, చేతిలో కోలలున్నా చెవి చెరువు మీదే ఉంటుంది. పక్క వరసలో ఎర్ర చీర సూరమ్మ, డెబ్బై దాటిన మనిషి, జట్టులో అందరికంటే పెద్దది. మధ్యాహ్నం మూడింటికల్లా అలేఖ్య సూరమ్మ వేళ్లమీద రెండుసార్లు కొట్టింది. మూడోసారికి సూరమ్మ, "అమ్మడూ, నువ్వు చదివే చదువులో చేతులక్కర్లేదు గదా" అని అడిగి తెలుసుకుని సంతోషించింది.

నాలుగున్నరకి దత్తాత్రేయులు గారి ఫోన్ వచ్చింది. కామేశ్వరి గారు రేపే విదేశం వెళ్తున్నారట. నెల దాకా రారట. నెల దాటితే రివ్యూ గడువు దాటిపోతుంది, దాటితే అదీ తప్పినట్టే లెక్క. అందుకని ఇవాళే, ఐదింటికి. ఎక్కడున్నావమ్మా అని అడిగారాయన. కోలాటంలో ఉన్నానండీ అంది అలేఖ్య. ఆయన, సరే, నెట్‌వర్కుందా అని మాత్రం అడిగారు.

నెట్‌వర్కు ఆ ఊళ్లో భూమ్మీద ఉండదు, కాస్త ఎత్తులో ఉంటుంది. ల్యాప్‌టాప్ మీద చుక్క కూడా తిరగలేదు. పాటలు పెట్టే అప్పారావు తన స్పీకరు పెట్టెల్నీ జనరేటర్నీ తెచ్చిన ట్రాక్టరు ట్రక్కు అరుగు పక్కనే ఆపాడు. దానిమీదెక్కితే ఫోనుకి రెండు గీతలొస్తాయని, తను రోజూ అక్కణ్ణుంచే మాట్లాడతానని చెప్పాడు. అలేఖ్య పెద్దమ్మ దగ్గరికెళ్లి, అరగంట వదలమని అడిగింది. పాట మాత్రం ఆపనంది వెంకటనరసమ్మ. రేపే ఆట, ఇవాళ దీపాలవేళ దాటితే దోమలు నిలబడనివ్వవు. నువ్వెళ్లి నీ పరీక్ష రాసిరా, మేం కొడుతుంటాం అంది.

అలా పచ్చ పట్టుచీరలో, నడుముకి కోలలు దోపుకుని, అలేఖ్య టైరు మీద కాలుపెట్టి ట్రక్కెక్కింది. ఐదింటికి తెర మీద ముగ్గురూ ప్రత్యక్షమయ్యారు. దత్తాత్రేయులు గారు గూడెంలో తన గదిలో, కామేశ్వరి గారు బెంగళూరులో, డిపార్ట్‌మెంట్ హెడ్ గారు కెమెరా కట్టేసి ఉట్టి పేరుతో. కామేశ్వరి గారు అలేఖ్య చీర వంక, వెనకాలున్న కొబ్బరిచెట్ల వంక చూశారు. స్లయిడ్లు రావడం లేదండీ అని అలేఖ్య రెండుసార్లు చెప్పింది.

"స్లయిడ్లు వద్దులే" అన్నారావిడ. "కిందటిసారి అడిగిందే అడుగుతాను. రెండు ఖాళీలూ కలిసి ఎందుకుంటాయి?"

అలేఖ్య నోరు తెరిచింది. ఆరు నెలలు బట్టీపట్టిన వాక్యాలన్నీ గొంతు దాకా వచ్చి అక్కడ బారులు తీరి నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడే కింద కొత్త పాట మొదలై, వడగళ్ల మోతలో ఒక దెబ్బ తప్పింది.

ఆమె వదిలేసి వచ్చిన గడి పచ్చగడి. నియమం ప్రకారం వెనకాలున్న ఎర్ర చీరావిడ అందులోకి జరిగింది. జరిగి చూసుకుంటే చుట్టూ అన్నీ ఎర్ర చీరలే. తనూ కోల పైకెత్తుతుంది, వాళ్లూ పైకెత్తుతారు. తనూ దించుతుంది, వాళ్లూ దించుతారు. కోలలు గాలిని కొట్టి ఉత్తచేతులతో తిరిగొచ్చాయి. ఆమె వదిలిన గడిలోకి ఒక పచ్చ జరిగింది, ఆమె చుట్టూ పచ్చలు. ఖాళీ మటుకు హాయిగా ఒక వరసలోంచి ఇంకో వరసలోకి వంపు తిరిగి నడుచుకుంటూ పోతోంది. అది నడిచిన దారి పొడుగునా ఎవరి కోలా ఎవరికీ తగలడం లేదు. ఎంత దూరం నడిస్తే అంత పొడుగున నిశ్శబ్దం. ట్రక్కు మీదనుంచి చూస్తే, అల్లిక మధ్యలో పోగు తప్పి అంచుదాకా చెడిపోయిన చాపలా ఉంది.

"ఎవత్తే నా పక్కన పచ్చదాన్ని పెట్టింది?" అని పచ్చ చీరలో ఉన్న వెంకటనరసమ్మ కేక. ఎవరూ పెట్టలేదు పెద్దమ్మా, నియమమే పెట్టింది అందామనుకుంది అలేఖ్య. ఆ కేక బెంగళూరు దాకా వెళ్లినట్టుంది, కామేశ్వరి గారు కనుబొమలెత్తారు. క్షమించండి మేడమ్, ఇక్కడ కొంచెం గొడవగా ఉంది అని అలేఖ్య నసుగుతోంది. ఆవిడ చేతిలో పెన్ను తెర మీద కనబడుతోంది. రాయడానికి సిద్ధంగా ఉంది.

ఇంతలో గట్టు మీదనుంచి మోటార్‌సైకిలు హారను ఆగకుండా మోగింది. నాగదుర్గ మొగుడు. చెరువు మీద ఫ్యూజు పోయి నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగిపోయాయి, డీజిలింజను అంటుకోవడం లేదు, ఇంకాస్సేపైతే రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయి. నాగదుర్గ వెంకటనరసమ్మ మొహం కూడా చూడలేదు. కోలలు రొంటిని దోపి, ఎర్ర చీర మోకాళ్ల పైకి ఎగదోపి, అరుగు మీదనుంచి ఒక్క దూకు దూకి బండెక్కి పోయింది.

అయిపోయిందనుకుంది అలేఖ్య. ఒక్కరు తప్పుకుంటేనే ఇంత చెడింది, ఇద్దరు తప్పుకుంటే ఇంకేం మిగులుతుంది? అటు పెన్ను, ఇటు కోలాటం, రెండూ ఒకే గంటలో మునిగిపోతున్నాయని మొహం పక్కకి తిప్పుకోబోయింది.

టక్కు.

తిప్పుకోలేకపోయింది. నాగదుర్గ వదిలింది ఎర్రగడి. దాని వెనక, అలేఖ్య పాత గడిలో, చుట్టూ ఎర్రవాళ్ల మధ్య గాలి కొట్టుకుంటూ నిలబడ్డ ఎర్ర చీరావిడ ఉందే, ఆవిడ నియమం ప్రకారం ఒక్కడుగు ముందుకి జరిగింది. ఎర్రగడిలోకి ఎర్ర చీర. కోల తగిలింది. ఆమె వదిలిన పచ్చగడిలోకి ఆమె వెనకాల తప్పుచోట్లో ఉన్న పచ్చ చీర వచ్చింది. టక్కు. ఆమె వెనక ఎరుపు. టక్కు. మొదటి ఖాళీ ఏ వంపులో తిరిగిందో రెండోది ఆ వంపులోనే తిరుగుతోంది. ఎవరి వెనక ఎవరు జరిగారో వాళ్ల వెనకే మళ్లీ జరుగుతున్నారు కాబట్టి దారి మారే వీలే లేదు. అది దాటిన గడి దాటినట్టు సర్దుకుంటోంది. టక్కు, టక్కు, టక్కు. చివరికి వెళ్లి మొదటి ఖాళీ పక్కన ఆగింది, పక్కపక్కనే రెండు బోసిగడులు, మిగతా అరుగంతా ఎరుపూ పచ్చా ఎరుపూ పచ్చా. పద్నాలుగుమంది వడగళ్లు కురిపిస్తున్నారు. అప్పారావు ఆనందంతో పాట సౌండు పెంచాడు.

"అమ్మాయీ, వినబడుతోందా?" అన్నారు కామేశ్వరి గారు. "రెండోసారి అడుగుతున్నాను."

అలేఖ్యకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే ఇంకా వచ్చింది. పొట్టలోంచి, మోకాళ్లలోంచి, పట్టుచీర కుచ్చెళ్లలోంచి తన్నుకొచ్చింది. నవ్వుతూనే ఫోను వెనక్కి తిప్పి అరుగు వైపు పెట్టింది. దత్తాత్రేయులు గారు అమ్మా అమ్మా అని ఏదో వారించబోయారు.

"మేడమ్, కిందికి చూడండి. ఆ గడులు చూడండి" అంది. "ఒక ఖాళీ పోయిందంటే దాని దారిలో ఉన్న ప్రతివాళ్లూ ఒక్కడుగు జరుగుతారండి. ఒక్కడుగంటే ఎరుపొచ్చి పచ్చ చోట్లో నిలబడినట్టే. పక్కవాళ్లతో పొసగదు. ఖాళీ ఎంత దూరం పోతే అంత పొడుగు తగాదా, అదంతా అది మోసుకు తిరగాలి. ఇంకో ఖాళీ అదే దారిన వెనకాలే వెళ్లిందనుకోండి, ప్రతివాళ్లూ ఇంకో అడుగు జరుగుతారు. రెండడుగులండీ. రెండడుగులు జరిగితే ఎరుపు మళ్లీ ఎరుపు చోట్లోకే వస్తుంది. మొదటిది చెడగొట్టిందంతా రెండోది బాగుచేసుకుంటూ వస్తుంది. విడివిడిగా పోతే రెండూ చెడగొట్టేవే. అందుకని విడిపోవండి. మా నాగదుర్గక్క ఇప్పుడే వెళ్లింది, అందుకే మీకు బాగున్నట్టు కనబడుతోంది. ఇందాక నేనొక్కదాన్నే వచ్చేసినప్పుడు చూడాల్సింది, ఎంత ఘోరంగా ఉందో."

అంత పొడుగు మాట అలేఖ్య ఇంగ్లీషులో గానీ తెలుగులో గానీ ఎవరిముందూ ఎప్పుడూ ఆగకుండా మాట్లాడలేదు. కింద వెంకటనరసమ్మ, ట్రక్కు మీదనుంచి తమ వైపు ఫోను తిరగడం చూసి, ఎవరో వీడియో తీస్తున్నారనుకుని, కొంగు సవరించుకుని రెట్టింపు ఊపుతో కొట్టడం మొదలుపెట్టింది. జట్టంతా అదే అందుకుంది.

గీతలు రెండూ ఉన్నాయా అని అలేఖ్య ఫోను మూల చూసుకుంది. ఉన్నాయి.

"బాగుంది" అన్నారు కామేశ్వరి గారు. "అయితే ఒక్క ఖాళీయే ఉన్నప్పుడు సంగతేంటి? నువ్వు చెప్పినదాన్నిబట్టి అది ఎక్కడికీ పోవడానికి వీల్లేదు. తను చేసిన పాడు తనని వెనక్కి లాగుతుంది. కానీ నీ లెక్కలోనే అది కదులుతోంది."

ఇది కిందటిసారి అడగని ప్రశ్న. అలేఖ్య, ఖాళీ ఒక్కటే ఉన్న ఆ కాసేపూ అరుగు మీద ఏం జరిగిందో కళ్లముందుకి తెచ్చుకుంది. అంతటా గాలికొట్టుళ్లే. కాదు, ఒకచోట, పక్క వరసలో సూరమ్మ దగ్గర, మధ్యలోనే ఒకట్రెండు దెబ్బలు తగిలాయి. అక్కడికింకా రెండో ఖాళీ రానేలేదు. నాగదుర్గ వెళ్లనేలేదు.

ట్రక్కు అంచుకి వంగి, "సూరమ్మత్తా, ఇందాక నీ కోల ఎలా తగిలింది? నువ్వేం చేశావు?" అని అరిచింది.

దొంగతనం పట్టుబడినట్టు సూరమ్మ వెంకటనరసమ్మ వంక బెదురుగా చూసింది. "నేనేం తప్పు చేయలేదమ్మా. నా పక్కదీ నేనూ ఇద్దరం పైకే ఎత్తుతుంటే ఎంతసేపని గాలిని కొడతాం? నేను దించుకున్నాను, నా అటుపక్కదాన్ని పైకెత్తుకోవే అన్నాను. కాస్త ఆలీసమైంది గానీ కుదిరింది."

వెంకటనరసమ్మ పళ్లు నూరింది. అలేఖ్య ట్రక్కు మీద గెంతింది. ఇనప రేకు ఢామ్మని మోగింది.

"పక్కపక్కనున్న ఇద్దరు పైకిందులు మార్చుకుంటారండీ మేడమ్" అంది ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని. "అలా మార్చుకుంటే ఖాళీ వెనకాల పడ్డ తప్పులు జంటలు జంటలుగా చెరిగిపోతాయి. కానీ అది నెమ్మదండి. వాళ్లు సర్దుకునేదాకా ఖాళీ ఆగాలి. అందుకని ఒంటరి ఖాళీ కదలకపోదు, బరువుగా కదులుతుంది. నా లెక్కలో బరువెక్కువని వచ్చిందే, అది ఇదేనండీ."

"ఇదంతా నీకు ఇప్పుడే తట్టిందా?"

"లేదండీ. పాత పేపర్లలో ఉంది, బొమ్మలతో సహా. నాలుగుసార్లు చదివాను. కనబడింది మటుకు ఇప్పుడే."

"నిజం పదార్థంలో కూడా ఖాళీలు కలిసేది ఈ ఒక్క కారణం వల్లేనంటావా?"

అవునంటే తేలిగ్గా పోతుంది. "తెలీదండీ" అంది. "పెద్ద పెద్దవాళ్లే ఇంకా కొట్లాడుకుంటున్నారు. నా పదహారు గడుల వరకూ మటుకు పూచీ నాది."

పెన్ను కదిలింది. ఏం రాస్తోందో కనబడలేదు. దత్తాత్రేయులు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుచుకుంటున్నారు. "సంతృప్తికరం అని రాశాను" అన్నారు కామేశ్వరి గారు. "దత్తాత్రేయులు గారూ, ఆ అమ్మాయి థీసిస్‌లో మొదటి అధ్యాయం ఇప్పుడు చెప్పినట్టే రాయాలి. ఆ పెద్దావిడ చెప్పింది కూడా ఉండాలి." హెడ్ గారి కెమెరా టక్కున వెలిగింది. బనీనుతో ఉన్నారు, ఒళ్లో మనవడు. ఆ ఎర్ర చీరలవాళ్లని ఇంకోసారి చూపించమ్మా, మావాడు అడుగుతున్నాడు అన్నారు.

మళ్లీ ఓసారి చూపించింది. ఆ తర్వాత ఫోను కట్టేసి, ట్రక్కు మీదనుంచి దిగిందో దూకిందో ఆమెకే తెలీదు, అరుగు మీద పెద్దమ్మ ఎదటుంది.

"చదువు నిలిచింది పెద్దమ్మా."

వెంకటనరసమ్మ కోలలు ఆపలేదు. కళ్లు మాత్రం ఒక్కసారి గట్టిగా మూసి తెరిచింది. "నిలవక ఏం చేస్తుందే" అంది. "రా, వచ్చి గడిలో నిలబడు. అమ్మవారి ఎదట రెండు బోసిగడులు పెట్టుకుని కొడుతున్నాను ఇందాకట్నుంచీ, నా ప్రాణం పోతోంది."

అలేఖ్య ఒళ్లు తేలిపోతుండగా వెళ్లి, ఉన్న రెండు ఖాళీల్లో పచ్చగడి చూసుకుని నిలబడింది. దరువు పడింది. ఎర్రగడి ఇంకా ఖాళీగా ఉంది కదా, వెనకావిడ అందులోకి జరిగింది. ఆమె వెనకామె జరిగింది. మూడు దరువులకి అరుగు సగం గాలి కొడుతోంది. వెంకటనరసమ్మ చుట్టూ చూసింది, తన పక్కన మళ్లీ పచ్చే. మొదట అర్థం కాలేదు. తర్వాత అలేఖ్య వంక చూసింది.

"ఒసేయ్, నువ్వొస్తే చెడుతోందే. పో అవతలికి."

పద్నాలుగుమందీ కోలలు వదిలేసి నవ్వారు. సూరమ్మకి నవ్వి నవ్వి దగ్గొచ్చి నడుం పట్టుకుని కూలబడింది. లెక్కలు రాసే డాక్టరమ్మని కోలాటంలోంచి గెంటేశారని అప్పారావు మైకులో ప్రకటించాడు. అలేఖ్య గెంటించుకుని, అరుగు కింద నిలబడి, ఎవరికీ తగలని దెబ్బలు గాల్లో వేసుకుంటూ తనొక్కతే ఆడింది. వెంకటనరసమ్మ అందర్నీ మళ్లీ ఎవరి చోట్లో వాళ్లని నిలబెట్టి, రెండు గడులు పక్కపక్కన వదిలి, పాట మొదట్నుంచీ వెయ్యమంది. వడగళ్లు మళ్లీ కురిశాయి.

కొల్లేరు మీద ఎండ పసుపురంగు తిరిగే వేళకి నాగదుర్గ తిరిగొచ్చింది. ఇంజను అంటుకుంది, రొయ్యలు బతికాయి. మోకాళ్ల దాకా నల్లబురద, మొహాన డీజిలు మరక, చేతుల్లో అప్పుడే కోలలు. నా గడి నా గడి అంటూ అరుగెక్కబోతుంటే అలేఖ్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగక్కా. ఒక్కదానివే వెళ్లకు."

"అదేంటే? ఆలస్యమైతే మీ పెద్దమ్మ చంపుద్ది."

"ఒక్కదానివే వెళ్తే ఇంకా చంపుద్ది. ఇప్పుడే నన్ను చంపింది. ఇద్దరం ఒకే దరువు మీద వెళ్దాం, అదుగో పక్కపక్కనే రెండున్నాయి. నీకెర్రది, నాకు పచ్చది."

నాగదుర్గకి ఏమీ అర్థం కాలేదు గానీ, చదువుకున్న పిల్ల చెబుతోంది కదా అని ఆగింది. ఇద్దరూ చేతులు పట్టుకుని, అప్పారావు పాటలో దరువు కోసం చెవులు రిక్కించి, ఒకటి, రెండు అనుకుని, మూడుకి కలిసి దూకారు. దూకినప్పుడు నాగదుర్గ కాళ్ల బురద అలేఖ్య పచ్చ పట్టుచీర మీద అరచేతి మేర పడింది. పదహారు జతల కోలలు ఒక్కసారే మోగాయి. వెంకటనరసమ్మ ఆ మరక చూసి తిట్లు లంకించుకుంది, కానీ ఆ మోతలో ఆవిడ నోరు కదలడమే కనబడింది తప్ప ఏం తిట్టిందో ఒక్కరికీ వినబడలేదు.